పైకి చూసిన ద్రాక్షగుత్తి

పాత ఇనుమేదో కొత్త ఇనుమేదో ముట్టుకోకుండా, రోడ్డుకి అవతల నిలబడి, ఒక కన్ను మూసుకుని చెప్పగల మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. మా ఊరి బళ్లో పంతులు నాకు ఎక్కాలు నేర్పలేక చేతులెత్తేశాడు గానీ, ఇనుము సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీనితో మళ్లీ పని పడుతుంది.

ఆ పొద్దున మా బావ ఎప్పటిలాగే గుంట కలుపుతున్నాడు.

ఆయన పనిచేసే వేలం కంపెనీకి ముందువైపు గాజు తలుపులు, నున్నటి రాతి మెట్లు, కుండీల్లో మొక్కలు. వెనకవైపు రేకుల షెడ్డు. షెడ్డు చివర సిమెంటుతో కట్టిన పెద్ద గుంట. దానికి అందరూ పెట్టుకున్న పేరు కుడితిగుంట. నిజం కుడితైతే పశువైనా మూతి పెడుతుంది. ఇందులో ఉండేది ఉప్పునీళ్లు, కుళ్లిన పండ్ల తొక్కలు, చేపల బజారులో బల్లలు కడిగిన నీళ్లు, పశువుల కొట్టాల నుంచి డ్రమ్ములతో తెప్పించిన పంచితం. వాటి మీద మీగడలాగా ఒక పొర కడుతుంది. గోధుమరంగు పొర, మధ్యమధ్య ఆకుపచ్చ మచ్చలు. అందులోంచి బుడగలు లేస్తాయి. బుడగ పగిలినప్పుడల్లా అడుగున ఎవరో కడుపునిండా తిని త్రేన్చినట్టు ఒక చప్పుడు.

ఆ గుంటలోనే పడుకుని ఉంటాయి కుర్చీలు, బెంచీలు, బల్లలు. అన్నీ పోత ఇనుము. సింహం పాదాలు, పూలతీగలు, రెక్కలున్న పసిపిల్లలు, పళ్ల గుత్తులు. ఊరి చివర ఫౌండ్రీలో కిందటి నెల పోత పోసిన సరుకు. గుంటలో దిగేటప్పుడు చంటిపిల్లలు, పైకి తేలేసరికి ముత్తాతలు. మెట్లవైపు నుంచి వచ్చే పెద్దమనుషులు వాటిని చూసి, ఏ జమీందారు తోటలోవో, ఏ రాణిగారు కూర్చున్నవో అని మురిసిపోయి పాట పెంచుకుంటూ పోతారు.

బావ వెదురు గెడ దించి, అడుగుదాకా పోనిచ్చి, చుట్టూ తిప్పాడు. వాసన లేచింది. గెడ గోడకి ఆనించి, షెడ్డు మూలకి వెళ్లి, వంగి, ఒకసారి భళ్లున కక్కుకుని, మూతి తుడుచుకుని వచ్చి మళ్లీ గెడ పట్టుకున్నాడు. ఇది కూడా రోజూ జరిగేదే. ఆ మూల అందుకోసమే ఉన్నట్టు ఉండేది.

చేరిన కొత్తలో యజమాని, "ముక్కుదేముందయ్యా, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అన్నాడట. మా బావకి జుట్టు నెరిసింది, పళ్లు కదిలాయి, నడుము వంగింది. ముక్కు మాత్రం సర్దుకోలేదు. ముక్కుకి మించి ఆయనకి అసహ్యం తన చేతులంటే. అరచేతుల నిండా పగుళ్లు, పగుళ్లలో ఎర్రటి తుప్పు, గోళ్ల కింద నల్లటి జిగురు. ఆ చేతుల్లో ఉప్పు ఎంతగా ఇంకిపోయిందంటే, ఇంట్లో కత్తిపీట ముట్టుకుంటే తెల్లారేసరికి దాని మీద ఆయన వేళ్లు తేలేవి. అందుకని అన్నం చెంచాతో తినేవాడు. "దొరగారి భోజనం అయిందా?" అని నేను ఏడిపించేవాణ్ణి. ఊళ్లో ఆయన పేరు తుప్పాయన. కూతురు బిడ్డనెత్తుకుని వస్తే, ఆ బిడ్డ తాత ఒళ్లోకి వచ్చినట్టే వచ్చి, ముక్కు రెండువేళ్లతో నొక్కిపట్టుకుని కిలకిలా నవ్వి పారిపోయేది. ఈయనా నవ్వేవాడు. నవ్వి, లేచి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లేవాడు.

మా అక్క ఆయన్ని ప్రేమగానే చూసుకుంది. అందులో వంక పెట్టకూడదు. కానీ ఇన్నేళ్ల కాపురంలో గుమ్మంలో అడుగుపెట్టిన మొగుడితో ఆమె అన్న మొదటి మాట ఏ రోజూ మారలేదు.

"చేతులు కడుక్కున్నారా?"

నేను ఆ కంపెనీకే చిన్న లారీ తోలేవాణ్ణి. ఆ పొద్దున లారీ వెనక్కి పెట్టి షెడ్డులోకి తొంగిచూశాను.

"ఏం బావా, వంట ఎంతదాకా వచ్చింది?"

"ఉప్పు చాలిందో లేదో రుచి చూసేవాడు లేక ఆగాన్రా బావమరిదీ. రా, నోరు తెరు."

"మా అక్క పెట్టింది తిని వచ్చాలే."

"అయితే పొట్ట నిండా ఉంది. ఇక్కడ ఖాళీ చేసుకుందువుగాని, రా."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక ఛాతీ మీద చెయ్యి రుద్దుకుంటూ, "ఈ పూట గెడ బరువెక్కిందిరా" అన్నాడు. గుంట చిక్కబడిందేమో అనుకున్నాను.

ఇద్దరం కలిసి లారీలోంచి ఒక బెంచీ దించాం. ఎవరో నర్సమ్మ కాలం చేస్తే ఆమె తోటలోంచి వచ్చిన సామాను. ఇనుప బెంచీయే గానీ, నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. ఎక్కడా ఒక పెచ్చు లేదు, ఒక మచ్చ లేదు. నేను ఒక కన్ను మూసుకుని చూసి తీర్పు చెప్పేశాను.

"ఇది నిన్నా మొన్నా పోసిన సరుకు బావా. పాతదని చెప్పి మన యజమానికి ఎవరో టోపీ పెట్టారు."

బావ బెంచీ చుట్టూ ఒకసారి తిరిగాడు. వీపు ఆనుకునే చోట ద్రాక్షతీగ అల్లుకుని ఉంది. ఆకులు, నులితీగలు, గుత్తులు. అన్ని గుత్తులూ కిందికి వేలాడుతున్నాయి. కుడివైపు చివరి గుత్తి ఒక్కటే మొన పైకి పెట్టుకుని దీపం వత్తిలా నిలబడి ఉంది.

బావ భుజం మీది తుండు తీసి చేతికి చుట్టుకుని, ఆ గుడ్డమీంచే గుత్తిని తడిమాడు. ఒక్కొక్క గింజా తడిమాడు.

"ఇది మా నాన్నది" అన్నాడు.

వాళ్ల నాన్న ఫౌండ్రీలో ఇసుక మూసలు కట్టేవాడు. ఎడమచేతి వాటం. చెక్క నమూనాలు ఒక్కొక్కటే తడి ఇసుకలో అద్ది, తీసి, ఆ గుంటల్లో కరిగిన ఇనుము పోస్తారు. ఒకసారి ఒక బెంచీకి ఆయన చివరి గుత్తిని తలకిందులుగా అద్దాడు. ఇనుము చల్లారి ఇసుక దులిపాక గానీ ఎవరూ చూడలేదు. మేస్త్రి పనివాళ్లందరి ముందూ తిట్టరాని తిట్లు తిట్టి, తిట్టి తిట్టి అలిసిపోయి, ఇంకేం చెయ్యాలో తెలియక బెంచీని అలాగే అమ్మేశాడు. ఆ ముసలాయన మాత్రం బతికినంతకాలం తప్పని ఒప్పుకోలేదు. "కాపు బాగుంటే గుత్తి పైకే చూస్తుందిరా. మీరెప్పుడన్నా ద్రాక్షతోట చూశారా?" అనేవాడు. ఆయనా చూడలేదు. పోయేముందు మంచంలో పడి, "ఎక్కడో నా బెంచీ మీద ఎవడో హాయిగా కూర్చుని ఉంటాడు" అనేవాడట. తన చేత్తో పోసిన ఇన్నింట్లో, ఇది నాది అని వేలు పెట్టి చూపించగలిగింది ఆయనకి ఆ ఒక్కటే మరి.

అప్పట్నుంచీ మా బావ, ద్రాక్షతీగ ఉన్న బెంచీ ఏది వచ్చినా ముందు గుత్తులు చూసేవాడు. అన్నీ కిందికే చూసేవి.

కాబట్టి నేను మొదట కొట్టిన గొప్ప కొట్టేయండి. నేను నిన్నా మొన్నా అన్నది మా బావకంటే పాతది. అంతటితో అయిపోలేదు. మా ఇంట్లో ఒక సింహపుకాళ్ల ముక్కాలిపీట ఉండేది. ఏదో కోటలోదని చెప్పి, వచ్చిన చుట్టాలనందర్నీ వరసగా దానిమీద కూర్చోబెట్టి మర్యాద చేశాను. మా బావ మూడేళ్లు ఊరుకుని, నిండా జనం ఉన్న రోజు చూసి, "ఆ కోట మా షెడ్డేరా" అన్నాడు. నా కన్నుల విలువ అంత. ఒకటి మూసుకున్నా రెండూ మూసుకున్నా ఒకటే.

యజమాని వచ్చాడు. ఆయన షెడ్డు గడప ఎన్నడూ దాటడు. గడప అవతలే నిలబడి, అత్తరు చల్లిన జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని మాట్లాడతాడు.

"ఏమిటయ్యా ఈ రంగు? బస్టాండులో బెంచీలాగా ఉంది. ఎవడు చెయ్యెత్తుతాడు దీనికి?"

"ఇది నిజంగా పాతదేనండి" అన్నాడు బావ.

"పాతదని నాకూ తెలుసు. కాగితాలున్నాయి. పాతదైతే చాలా? పాతదాన్లా కనపడొద్దూ? రంగు కాల్చి లేపెయ్యి. వేడిమీద కుడితి చల్లు. సాయంత్రం పాటకి ఎర్రగా, చూడముచ్చటగా ఉండాలి. ఆఁ, ఆ చివరి గుత్తేమిటి అట్లా ఏడిచింది? అది కోసేసి, సరైనది ఒకటి అతికించు."

"అది మా నాన్న చేతిదండి."

యజమాని రుమాలు కొంచెం దించాడు. ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడనిపించింది.

"మీ నాన్నా? అయితే మీ నాన్న తప్పు నువ్వు దిద్దు. కొడుకంటే అంతేగా" అని, తన మాటకి తనే నవ్వుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజంతా బావ చెయ్యవలసిన మిగతా పనులన్నీ చేశాడు. గుంటలోంచి ఒక సింహపుకాళ్ల కుర్చీని కొక్కేలతో లాగాడు. సింహం నోట్లోంచి చేపపొలుసులు, నల్లటి జిగట కారాయి. వైరు బ్రష్షుతో పైపైన రుద్ది, సందుల్లో మడ్డి మాత్రం అలాగే ఉంచాడు. అందం దాంట్లోనే ఉందంటాడు యజమాని. ఆ మడ్డి మీదే మైనం పూసి మెరుగుపెట్టాడు. పెడుతూ పెడుతూ రెండుసార్లు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని చెంచాతో నాలుగు ముద్దలు తిన్నాడు. బెంచీ ఎదురుగానే ఉంది. దానిమీద కూర్చోలేదు. తిన్నాక తుండు చుట్టిన చేత్తో గీకుడు బద్ద పట్టుకుని, చెయ్యి ఆనించుకునే కమ్మీ మీద అరచేయంత మేర రంగు గీకాడు. ఆకుపచ్చ, దానికింద తెలుపు, దానికింద మళ్లీ ఆకుపచ్చ, ఆ కింద ఎర్రటి పూత. అన్నింటికింద ఇనుము. బూడిదరంగులో, శుభ్రంగా, తుప్పు చుక్కలేకుండా.

"చూశావురా? ఆ నర్సమ్మ ఏటేటా రంగేసింది. చంటిపిల్లకి నూనె రాసినట్టు చూసుకుంది."

"యజమాని కాల్చమన్నాడు బావా."

"అన్నాడు."

"మరి?"

"మా నాన్నని ఆ మేస్త్రి నిలబెట్టి తిట్టాడురా. తిట్టినోడే పోన్లే అని గుత్తి ఉంచాడు. ఇప్పుడు నేను కోస్తానా?"

రంగు కాల్చే దీపం వెలిగించలేదు. కుడితి చల్లలేదు. తుండుతో దుమ్ము తుడిచాడు, అంతే. సాయంత్రం నేనూ ఇంకో కూలీ బెంచీని హాల్లోకి మోసుకెళుతుంటే, బావ షెడ్డు బయట కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. కొత్త సబ్బు. మోచేతులదాకా రుద్దాడు. గోళ్ల కింద పుల్ల పెట్టి తీశాడు. పగుళ్లలో బ్రష్షు పెట్టాడు. ఆ సబ్బు అరిగి పల్చటి ఆకులాగా అయ్యేదాకా రుద్దాడు.

హాలు నిండుగా ఉంది. వేదిక మీద వేలం పాడే ఆయన సుత్తి పట్టుకుని ఉన్నాడు. ముందు వరసలో నాలుక దొరగారు కూర్చుని ఉన్నారు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు అది. పాత ఇనుముని నాలుకతో పట్టేస్తానని ఆయన ధీమా. సింహపుకాళ్ల కుర్చీ రాగానే లేచి వచ్చి, వంగి, సింహం దవడ సందున నాలుక ఆనించి నాకారు. ఆయన కళ్లు మూసుకుని చప్పరించారు.

"ఆహా! ఇదీ వయసంటే! ఈ తీపి కొత్త తుప్పుకి రమ్మన్నా రాదు."

పక్కనున్న ఒకావిడ కుర్చీ వీపుకి చెంప ఆనించి, "ఎంత చల్లగా ఉందో, పాతకాలం వాసన" అంది. వెనక తలుపు దగ్గర నిలబడ్డ మా బావ నోటికి తుండు అడ్డం పెట్టుకున్నాడు. ఆ తీపి ఏ డ్రమ్ములోంచి వచ్చిందో ఆయనకి తెలుసు. ఒకదాని తర్వాత ఒకటి చేతులు లేచాయి, సుత్తి పడింది.

తర్వాత బెంచీ వచ్చింది. యజమాని మొహం మాడిపోయింది. నాలుక దొరగారు లేచి వచ్చి, కమ్మీ మీద రంగు గీకిన చోట నాకి, ఉమ్మేశారు.

"ఇందులో రుచే లేదు. కొత్త సరుకు. పైగా ఆ ద్రాక్ష చూడండి, పోసినవాడికి పనే రాదు."

హాలంతా నవ్వింది. ఒక్క చెయ్యి లేవలేదు. సుత్తాయన మూడుసార్లు అడిగి, తీసెయ్యమన్నాడు. మేం దాన్ని తీసుకెళ్లి వెనక గోడవారన పెట్టాం.

యజమాని విసవిసా నడిచి వచ్చి, పళ్లబిగువున అన్నాడు. "రేపు పొద్దున్నే ఇది గుంటలో పడాలి. ఆ గుత్తి నేను దగ్గరుండి కోయిస్తా. నీవల్ల కాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి పెట్టుకుంటా."

"రేపు చూద్దాం లెండి" అన్నాడు బావ.

యజమాని వెళ్లిపోయాడు. బావ హాల్లోకి రావడం అదే మొదలు. వెనక వరసలవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి, ముక్కులు మూసుకుని, కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. ఆయన గుంటని నాకి ఆహా అన్నవాళ్లకి ఆయన వాసన పడలేదు.

"బావమరిదీ, కాసేపు కూర్చుంటాన్రా. కాళ్లు లాగుతున్నాయి" అని బెంచీ మీద కూర్చున్నాడు. వెనక్కి వాలాడు. కుడిచెయ్యి కమ్మీ మీద, రంగు గీకిన చోట ఆనించాడు. "మా నాన్న బెంచీ మీద మా ఇంటివాడు కూర్చోవడం ఇదే మొదలు."

"ఎలా ఉంది?"

"ఆ గుత్తి వీపులో గుచ్చుకుంటోందిరా" అని నవ్వాడు. "మేస్త్రి తిట్టాడంటే తిట్టడూ!"

నేను లారీ దగ్గరికి వెళ్లాను. లోపల బల్లలు, పూలకుండీల స్టాండ్లు, రెక్కల పిల్లలు ఒక్కొక్కటే పోయాయి. సుత్తి పడుతూనే ఉంది, చప్పట్లు కొడుతూనే ఉన్నారు. జనం వెళ్లిపోయాక, హాలు ఊడ్చే ఆమె చీపురుతో అక్కడిదాకా వచ్చి, "అన్నయ్యా, కాళ్లు పైకి పెట్టు, ఊడ్చుకుంటా" అందట. రెండోసారి అని, మూడోసారి అనకుండా చీపురు కింద పెట్టి నాకోసం వచ్చింది.

తల ఒక పక్కకి వాల్చుకుని ఉన్నాడు. కునుకు తీసినట్టే ఉన్నాడు.

యజమాని పరుగెత్తుకొచ్చాడు. అయ్యో అన్నాడు, అబద్ధం చెప్పను, అన్నాడు. ఆ వెంటనే చూపు బెంచీ మీదికి వెళ్లింది.

"దీన్ని కూడా తీసుకుపొండి. ఇప్పుడే. మనిషి ప్రాణం పోయిన బెంచీ అని రేపు పొక్కితే ఈ హాల్లోకి ఎవడన్నా వస్తాడా? నాకొద్దు. దాన్ని ఇంకెప్పుడూ నా కంటికి చూపించకండి."

చచ్చిపోయినవాళ్ల కుర్చీలని చెప్పుకుని బతికే కంపెనీ అది. ఫలానా రాణిగారు ఇందులోనే కూర్చుని కన్నుమూశారని చెప్పి పాట పెంచినవాడే ఆయన. నిజంగా ఒక మనిషి కన్నుమూసిన బెంచీ దగ్గరికి వచ్చేసరికి రుమాలు ముక్కుకి పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. మా బావ రోజూ కక్కుకునే మూలకి వెళ్లి, ఆ రోజుకి ఆయన వంతు నేను తీర్చాను.

ఆ బెంచీ మీదే పడుకోబెట్టి తీసుకెళ్లాం. ఆ గుత్తిని ఇక ఎవరూ కోయలేరు.

మా అక్క గుమ్మంలోకి వచ్చింది. లారీ చూసింది, నా మొహం చూసింది. ఏడవలేదు, అప్పుడే కాదు. దగ్గరికి వచ్చి, కొంగు ముక్కుకి పెట్టుకోకుండా, వంగి ఆయన మొహంలోకి చూసి, నన్ను అడిగింది.

"చేతులు కడుక్కున్నార్రా?"

"కడుక్కున్నాడక్కా. సబ్బు అరిగిపోయేదాకా."

బెంచీ ఇప్పటికీ వాళ్ల పెరట్లో కుళాయి పక్కనే ఉంది. అక్క దానిమీద కూర్చుని కూరలు తరుగుతుంది. మనవరాలు ఆ పైకి చూసే గుత్తి పట్టుకుని వేలాడుతుంది. ఏటేటా ఎండాకాలంలో అక్క తనే ఆకుపచ్చ రంగు వేస్తుంది, నర్సమ్మలాగా.

సరే, ఇందులో నేను కల్పించింది ఏదో మీరు వెతుకుతూ ఉంటారు. ఇనుము నాకడం అనుకుంటారు. కాదు, నాకారు, చప్పరించారు, ఆహా అన్నారు, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. గుత్తి అనుకుంటారేమో, పెరట్లోకి వచ్చి చూసుకోండి. నేను కల్పించింది ఆ కుళాయీ, ఆ సబ్బూ. మా బావ ఆ సాయంత్రం చేతులు కడుక్కోలేదు. గుంట దగ్గర్నుంచి నేరుగా వచ్చి కూర్చున్నాడు. అక్క అడిగిందని అక్కడికక్కడ ఒక సబ్బు పుట్టించాను. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా దాన్ని అరగదీస్తూనే వచ్చాను.

అక్క నమ్మిందో లేదో నాకు తెలియదు. ఏ ఏటి రంగు ఎంత మందంగా వేసినా, తొలి వానలు పడేసరికి ఆ కమ్మీ మీద, రంగు గీకిన చోట, నాలుగు వేళ్లూ ఒక అరచేయీ ఎర్రగా పైకి తేలతాయి.